సీటు కింది చోర్ స్విచ్

మా గల్లీలో కాంట్రాక్టరు జీపు దొంగలెత్తుకుపోయిన వారానికే నేను కారు కొన్నాను. బుద్ధున్నవాళ్లెవరూ అలాంటప్పుడు కొనరు. కానీ నాకప్పటికే నలభై దాటాయి. బళ్లో పాఠాలు చెప్పి, కంఠేశ్వర్‌లో అద్దెకున్న రెండు గదులకు తిరిగొచ్చి, లోపల గడియ పెట్టుకోవడం తప్ప వేరే పనిలేని మనిషిని. ఏదో ఒకటి నాదంటూ ఉండాలనిపించింది. తొంభైల చివర్లో సంగతి ఇది. చిన్న తెల్ల కారు, అదీ సెకండ్ హ్యాండ్‌ది. ఆడమనిషి కారు నడుపుతోందని గల్లీ అంతా బయటికొచ్చి చూసింది. చూడనీ, నాకేం పోయింది అనుకున్నాను.

కానీ భయం మాత్రం పట్టుకుంది. ఎత్తుకుపోయిన బండి బోధన్ దాటి రాష్ట్రం బార్డర్ అవతల పడిందంటే ఇక దొరకదని అందరూ అంటుండేవారు. స్టీరింగుకు అడ్డంగా వేసే ఇనుప రాడ్డు కొన్నాను. దానికి తాళం వేసి, డోర్లు లాగి చూసి, మెట్లెక్కి, మళ్లీ దిగొచ్చి లాగి చూసేదాన్ని. మార్కెట్ యార్డు దగ్గరి మెకానిక్ భాయ్ ఆ రాడ్డు చూసి పకపకా నవ్వాడు.

"టీచరమ్మా, గీ రాడ్డు కోయనీకె దొంగకు రెండు నిమిషాలు పట్టదు. చోర్ స్విచ్ పెట్టిస్త, ఆగుండ్రి."

డ్రైవర్ సీటు కింద, చెయ్యి పెట్టి వెతికితే గాని తగలని చోట చిన్న స్విచ్ బిగించాడు. అది ఆపి ఉంటే, తాళం తిప్పినప్పుడు బండి గుర్రుగుర్రుమంటుంది గాని ఇంజన్ అందుకోదు. రెండుసార్లు చేసి చూపించాడు. నాకు చిన్నపిల్లలా సంబరమైంది.

"ఇంట్ల ఎవలకన్న ఒక్కలకు చెప్పి పెట్టుండ్రి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "రేపు మీకు పానం బాగలేక పండుకుంటే, బండి జరపాలంటే ఎవలకన్న ఎరుకుండాలె గద."

"ఆఁ, చెప్త," అన్నాను.

ఎవరికి చెప్తాను? ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. ఇంటావిడకు చెప్తే రేపటికల్లా కంఠేశ్వర్ మొత్తానికి తెలుస్తుంది. బడిలో టీచర్లతో నాకు నమస్తే వరకే. నా నోరు మంచిది కాదని వాళ్ల ఉద్దేశం, నిజమే కూడా. ఇంత పెద్ద ఊళ్లో, ఇన్నేళ్లు బతికిన ఊళ్లో, ఒక్క స్విచ్ సంగతి చెప్పుకోవడానికి నాకు మనిషి లేదు. దొంగల భయం కంటే అదే ఎక్కువగా కుదిపేసింది నన్ను.

ఉన్నదల్లా బోధన్‌లో తమ్ముడు. చక్కెర ఫ్యాక్టరీ చెరకు విభాగంలో జీపు నడుపుతాడు. మాకు మాటల్లేవని కాదు గాని, అడిగినదానికి అవును, కాదు అనుకునే వరకే వచ్చింది. దానికి కారణం కూడా నేనే. వాడి పెళ్లిలో మా బడివాళ్లను రెండో బంతిలో కూర్చోబెట్టారని ఆడపెళ్లివారి మీద నోరు పారేసుకున్నాను. అప్పటి నుంచి వాడి భార్యకు నేనంటే బెదురు, వాడికి మొహమాటం.

ఒక ఆదివారం ధైర్యం చేసి బయల్దేరాను. చెరకు బండ్ల వెనకాల నత్తనడకన పోతూ, వాడికి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. తమ్మీ, బండి కొన్న, చూద్దువు రా. ఇక్కడో చిన్న సంగతుంది, నీకొక్కడికే చెప్తున్న. ఇంతే. ఇంతమాత్రానికి అన్నిసార్లు గొంతు సవరించుకున్నాను.

పోయేసరికి వాడి అత్తగారింటివాళ్లు వచ్చి ఉన్నారు. మరదలు "రా వదినె" అని కుర్చీ వేసి, చుట్టాలకు తీసే పింగాణీ కప్పులో చాయ్ ఇచ్చింది. వాళ్లంతా రోజువారీ గ్లాసుల్లో తాగుతున్నారు. నాకు చాయ్ సహించలేదు.

తమ్ముడు మాత్రం బండి చూసి మురిసిపోయాడు. తాళం తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. నేను స్విచ్ ఆపే దిగాను. వాడు తిప్పితే గుర్రుమంది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. గుమ్మంలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

"ఏం బండి కొన్నవే అక్కా, నిన్ను మంచిగనే ముంచిండ్రు," అన్నాడు వాడు కూడా నవ్వుతూ.

అప్పుడు చెప్పొచ్చు. ఒంగి చెవిలో ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాకు తిక్క రేగింది. "దిగు! డ్రైవరువు నువ్వు, నీకే చేతగాకపాయె," అని వాణ్ని దింపేసి నేనెక్కాను. జారిన చెప్పు సర్దుకుంటున్నట్టు ఒంగి స్విచ్ వేసి, ఒక్క తిప్పుకే స్టార్ట్ చేసి, అన్నానికి ఉండమన్నా వినకుండా వచ్చేశాను. సగం దారిలో బండి పక్కకు ఆపి ఏడ్చాను. ఎవరి మీద గెలిచానని?

ఆ చలికాలంలోనే ఒక పొద్దున నాకు కడుపులో నొప్పి మొదలైంది. ఎవర్నీ పిలవలేదు. నేనే నడుపుకుంటూ దగ్గర్లోని నర్సింగ్ హోముకు పోయాను. గేటుకు అడ్డంగా ఎలాగో ఆపి, అలవాటు కొద్దీ సీటు కింద స్విచ్ ఆపేసి, లోపలికి నడిచి పడిపోయాను. అపెండిక్స్ అన్నారు, సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలన్నారు. సంతకానికి మీవాళ్లెవరని నర్సమ్మ అడిగింది.

"ఎవ్వరూ లేరు."

"గట్లంటే నడవదమ్మా. ఎవలో ఒకలు ఉంటరు గదా?"

నొప్పి ఇంకోసారి మెలిపెట్టాక ఫ్యాక్టరీ గేటు ఫోన్ నంబరు చెప్పాను. తర్వాత వాచ్‌మన్ వచ్చి బండి జరపాలని తాళం తీసుకుపోయాడు. నాకున్న నొప్పిలో స్విచ్ మాటే గుర్తు రాలేదు. కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపైందో, కిటికీ కింద ఇంజన్ అందుకున్న చప్పుడు. నా బండి చప్పుడు నాకు తెలియదా! నేను చెప్పకుండా ఈ లోకంలో ఎవరూ స్టార్ట్ చేయలేని బండి అది. "దొంగ! నా బండి!" అని సెలైన్ సూది పీక్కుని లేవబోయాను. నర్సమ్మ భుజాలు పట్టి పడుకోబెట్టింది. అంతలో వాచ్‌మన్ దగ్గరి తాళం పట్టుకుని తమ్ముడు లోపలికొచ్చాడు. బస్సులో నిలబడి వచ్చాడేమో, చొక్కా అంతా నలిగి ఉంది.

"నీకెట్ల ఎరుకైందిరా?" అన్నాను. నొప్పి సంగతే మర్చిపోయాను.

"చెప్పు సర్దుకోనీకె ఎవలన్న గంతసేపు వంగుతరా అక్కా? నేను డ్రైవర్‌ను గాదు?"

"మరి ఆనాడు అనకపోతివి?"

వాడు మంచం పట్టె మీద చెయ్యి ఆనించాడు. "నువ్వే చెప్తవేమో అని చూసిన," అన్నాడు.

అన్ని నెలలుగా చెప్పుకునే మనిషి లేడని నేను కుమిలిపోతుంటే, బోధన్‌లో వాడు వినడానికి కాచుకుని ఉన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. వాడు నా కొంగుతోనే నా కళ్లు తుడిచాడు, ఆపరేషన్‌కు భయపడుతున్నాననుకుని.

మూడో రోజు పొద్దున వాడు ప్రయాణమయ్యాడు. చెరకు సీజన్, అంతకంటే సెలవు దొరకదు. తాళం నా దిండు పక్కన పెట్టి, "పోతున్న అక్కా, పైలం," అన్నాడు. ఇంకొక్క రోజు ఉండరా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"బస్సు దొరుకుతదా?" అన్నాను.

"దొరుకుతది."

వాడు తలుపు దాకా పోయాక ఇక ఉండబట్టలేకపోయాను. "తమ్మీ, బండి తీస్కపో."

"నీకొద్దా?"

"కుట్లతోటి నేనేం నడుపుత? ఈడ ఇడిస్తే ఎవడన్న ఎత్కపోతడు."

దొంగల మాట ఉత్తదే. బస్సెక్కి పోతే వాడు మళ్లీ ఎప్పుడొస్తాడో నాకు తెలియదు. బండి తీసుకుపోతే ఇచ్చిపోవడానికైనా రావాలి కదా. వాడు నా మొహంలోకి చూసి, ఏమీ అడగకుండా వెనక్కొచ్చి తాళం తీసుకున్నాడు.

"ఐతారం నాడు తెచ్చిస్త."

"తొందరేం లేదు, నీకు వీలైనప్పుడు..." అని, నా నోరు మండా, అక్కడే ఆపేశాను.

"ఐతారమే తేవాలె," అన్నాను. "మరదల్ని గూడ తోల్కరా."