గాల్లోకి లేపే ముందు

మా ఆయన వరి పొలాలకు డ్రోనుతో మందు కొడతాడు. కోదాడలో మేముండే కిరాయి ఇంట్లో, ముందు గదిలో మంచం ఉండాల్సిన చోట ఆ డ్రోను ఉంటుంది, రెక్కలు మడిచి. ఎంత కడిగినా మందు వాసన పోదు. పాప పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి నా పనంతా ఆ గది గడప దాటనివ్వకుండా చూసుకోవడమే. నిద్రలో కూడా ఒక చెయ్యి పాప మీదే ఉంటుంది.

డ్రోను అమ్మిన హైదరాబాదు కంపెనీ నుంచి పోయిన నెల ఆయనకు పిలుపొచ్చింది. సైన్యానికి డ్రోన్లు తొందరగా తయారు చేయమని ప్రభుత్వం చిన్న కంపెనీలకు కూడా డబ్బిస్తోందట. వీళ్లకు మొదటి విడత వచ్చింది. బరువు మోస్తూ గాలికి నిలబడే డ్రోనును ఈ ఏడాదిలోనే ఎగరేసి చూపిస్తే రెండో విడత, లేకపోతే లేదు. ఇంజినీర్లకు తయారు చేయడం తెలుసు గానీ, ఎదురుగాలిలో బరువు డ్రోనును రోజంతా నడిపిన అలవాటు లేదు. మా ఆయనకు ఉంది. ముందు ఒక వారం వచ్చి చూడు, నచ్చితే నౌకరి ఇస్తాం, సరిహద్దు దగ్గరికి పంపినా పోవాలి అన్నారు.

"ఆడ ఏమన్నయితే?" అన్నాను.

"నేను ఎగరేసి చూపించుడే. కొట్లాడేది వేరేటోళ్లు."

"దాని కింద ఏం కడతరు?"

"ఇప్పటికైతే ఇసుక మూట."

"తర్వాత?"

పాపను ఎత్తుకుని బయటికి పోయాడు.

మిర్యాలగూడలో ఉన్న మా అమ్మకు ఫోన్లో చెప్పుకుంటే నన్నే తిట్టింది. "ఆ మందులకు దగ్గి దగ్గి సస్తుండు పిలగాడు. నౌకరి ఇంటికొస్తే మొఖం గట్ల పెడతవేందే? సూర్యాపేటల డిగ్రీ సదివి గిదేనా నేర్సుకున్నది?"

చదివాను. ఫిజిక్స్. డ్రోను గాల్లో ఎట్లా నిలుస్తుందో ఎవరడిగినా చెప్పగలను. ఫోన్లో మాత్రం ఎక్కడెక్కడి యుద్ధాల వీడియోలు వస్తాయి, అన్నీ పైనుంచి తీసినవే. ఒక డాబా, తీగ మీద ఆరేసిన బట్టలు, అంతలో పొగ. అక్కడికి ఆపేస్తాను. ఆపినా ఆ బట్టలు చిన్నపిల్లలవేనా అన్న ఆలోచన ఆగదు.

వారం రోజులు పోయి వచ్చాడు.

మందు కొట్టేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. డ్రోనును లేపే ముందు గట్టు మీద నిలబడి "లేస్తుందీ, జరగండీ" అని అరుస్తారు. పక్క మడిలో కలుపు తీసే ఆడవాళ్లో, గట్టు చాటున బీడీ కాల్చుకునే ముసలాయనో ఉంటే దూరం జరగాలి. అవతలి గట్టు నుంచి రైతు "ఆఁ, కానీ" అన్న తర్వాతే లేపాలి. మొదటి రోజు కంపెనీ వాళ్లు డ్రోను ఎగరేసి చూసే మైదానంలో, మిలటరీ ఆఫీసర్ల ముందు, మా ఆయన అలవాటు కొద్దీ గట్టిగా అరిచాడట. అవతల ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. అయినా జవాబు కోసం ఆగాడట. వెనకున్న ఇంజినీరు నవ్వి, "అన్నా, ఇది చెప్పి పోయేది కాదే" అన్నాడట.

చెబుతూ మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మరి ఎగరేసినవా?"

"ఎగరేసిన. మస్తు గాలి. అయినా మూట నేల మీద గీసిన గీత మీదనే పడ్డది."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖం పెళ్లప్పటి మొఖంలా ఉంది. వచ్చినప్పటి నుంచి దగ్గు కూడా లేదు. ఆ రెండూ చూశాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. పొమ్మనడానికీ రాలేదు.

కంపెనీ వాళ్లు నౌకరి ఇస్తామన్నారు, సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. "నువ్వు చెప్పు" అంటాడు. "నీ ఇష్టం" అంటాను. అన్నం పెట్టేటప్పుడు అదే, పాపకు స్నానం చేయించేటప్పుడు అదే. నిన్న పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు మోతె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఏటా మా ఆయనతోనే కొట్టించుకునే ముసలాయన.

"బిడ్డా, ఏడి మీ ఆయన? వరికి దోమ పడ్డది. రేపు మందు కొట్ట రమ్మను."

పాప నా భుజం మీద ఒకటే ఏడుపు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఇంకొక్కసారి "నీ ఇష్టం" అనే ఓపిక నాలో లేదు.

"రాడు బాబాయ్. వేరేవాళ్లను చూసుకో. ఆయనకు నౌకరి వచ్చింది."

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"మంచిగైంది బిడ్డా. ఏం నౌకరి?"

"డ్రోన్లే. దూరం."

"గాడ గూడ వరేనా?"

"కాదు" అన్నాను. ఇంకా ఏమన్నా చెబుతానని ముసలాయన ఫోన్ పెట్టకుండా ఉన్నాడు. మా ఆయన తడి తలతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుని పొయ్యి కట్టేశాను.