వడియాలు పెట్టని ఇల్లు

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడితే జగన్మోహన్ జనగామలో ఇంటికి వచ్చి నాయనమ్మ సత్యమ్మవ్వ దగ్గర కూర్చున్నాడు. వేరే పని లేక ఇంటి పాత సంగతులు అడిగి, ఆమె చెప్పిన పేర్లన్నీ వరసగా నోటుబుక్కులో రాసుకున్నాడు. సత్యమ్మవ్వ చెప్పుకునే దిగులు ఒక్కటే. తన చేతి ముద్ద తిని పెరిగిన మరిది రఘునాథం రజాకార్ల నాడు గోదావరి దిక్కు పోయి మళ్లీ రాలేదు.

"వాడు యాడున్నడో సూసి రా బిడ్డా. నా కండ్లున్నప్పుడే."

ఆ మాట పట్టుకుని జగన్మోహన్ పదేళ్లు తిరిగాడు. ఇంటిపేరు ఎలగందుల. పాత ఉర్దూ కాగితంలో ఎల్గందల్, రేషన్ కార్డులో యెలగందుల, బడి సర్టిఫికెట్లో యలగందుల. ఎట్లా రాసి కనబడినా వదలకుండా చిట్యాలలో, భూపాలపల్లిలో ఆ గడపలన్నీ తొక్కాడు. ఒక ముసలాయన నవ్వాడు కూడా: "ఇంటిపేరు కలిస్తె సాలా? గట్లయితె నేను నీకు తాతనే. కాళ్లు మొక్కి పో."

డెబ్బైతొమ్మిది ఎండాకాలంలో మహదేవపూర్ పోయాడు. ఆ ఇంటిపేరు వాళ్లు ఇప్పుడు అక్కడ ఒక్కరూ లేరు. తిరుగు బస్సు ఇంకా రాలేదు. నీడకు ఒక కిరాణా దుకాణం ముందు నిలబడ్డాడు. బోర్డు మీద ఇంటిపేరు వేరే. తమదీ జనగామలో కిరాణమేనని అతను చెబితే, దుకాణంలో ఉన్నామె లోపలికి పిలిచి అన్నం పెట్టింది. పప్పు పక్కన వడియాలు వేసింది.

"మా ఇంట్ల గివి పెట్టరక్కా. అచ్చిరావంటది అవ్వ. ఎందుకో చెప్పది."

"మేం గూడ పెట్టం అన్నా. పక్కింటి నీలి పెట్టిచ్చింది. మా బాపును పెంచిన వదినె వడియాలు పెడుతుంటెనే తొట్టెల ఆమె బిడ్డ పానం పోయిందట."

జగన్మోహన్ చేతిలో ముద్ద కంచంలో పెట్టాడు. "మీ బాపు పేరేంది?"

"రఘునాథం. పోయి నాలుగేండ్లాయె. నేనొక్క బిడ్డనే. మా ఆయన ఇల్లుటం వచ్చి మా ఇంట్లనే ఉన్నడు. బోర్డు మీదిది ఆయన ఇంటిపేరు."

"నీ పేరక్కా?"

"కమల. ఆ సచ్చిపోయిన పిల్ల పేరే పెట్టిండట."

జనగామ చేరేసరికి అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. మరిది లేడని విని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కండ్లు తుడుచుకుని అడిగింది, "పిల్లలా?"

"ఒక్కతే బిడ్డ, కమల. ఐతారం వస్తనన్నది."

చేట పక్కన పెట్టింది అవ్వ.

"ఆ బుక్కు తే బిడ్డా. మీ బాపు పేరు కంటె పైన జర జాగ ఉన్నదా? ఇంకో కమల ఉండె. నీకు మేనత్త. రాయి."