గోడ నిలవాలని యెరికో ప్రార్థన

సముద్రం ఒడ్డున రాళ్ల కుప్పలో నన్ను కూడా కలిపేయకుండా కాపాడిన దేవునికి స్తోత్రం. ఆయన కృప వల్లే నేను బతికి ఉన్నాను. మా బావైతే తన ఓపిక వల్ల అంటాడు. ముందే చెబుతున్నాను, ఇందులో ఒక కోటగోడ కూలుతుంది. కూల్చింది నేనే.

అప్పుడు నేను కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఉత్సాహంలో ఉన్నాను. మారేడ్‌పల్లిలో ఎవరికి ఏ చిక్కు వచ్చినా మా ప్రార్థన గుంపు యెరికో ప్రార్థనకు బయలుదేరేది. ఇశ్రాయేలీయులు యెరికో చుట్టూ తిరిగి కేకలు వేస్తే గోడలు కూలాయి కదా, మేమూ చిక్కు ఉన్న చోటు చుట్టూ ఏడుసార్లు తిరిగి గట్టిగా కేకలు వేసేవాళ్లం. అమ్ముడుపోని ఫ్లాటు చుట్టూ తిరిగాం. తిరుమలగిరిలో ఒకాయనకు సంబంధం కుదరకపోతే ఏకంగా ఆయన చుట్టూనే తిరిగాం. మమ్మల్ని చూసి ఆయనకు కళ్లు తిరిగాయి గానీ, పెళ్లి కుదిరింది.

ఆ వేసవిలో కరేబియన్ దీవిలో ఉన్న కరుణక్క దగ్గరికి వెళ్లాను. డానియేలు బావ యాప్రాల్ మనిషి, పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరు. ఎప్పుడో తెల్లదొరలు కట్టి వదిలేసిన కోట శిథిలాలను నిలబెట్టడం అక్కడ ఆయన పని. నేను దిగిన మర్నాడే పెద్ద అధికారులు వచ్చి చూస్తారట. నచ్చితే ఉద్యోగం పొడిగిస్తారు, లేకపోతే పెట్టెలు సర్దుకోవడమే. దిగులుతో అక్కకు అన్నం సయించడం లేదు.

ఆ సాయంత్రం బావ మమ్మల్ని కోటకు తీసుకెళ్లాడు. బురుజులు సగం సముద్రంలోకి ఒరిగిపోయాయి. తుప్పు పట్టిన ఫిరంగుల నీడన మేకలు కునుకు తీస్తున్నాయి. కొత్తగా పేర్చిన గోడ ఒక్కటే పెళ్లికొడుకులా నిటారుగా నిలబడి ఉంది.

"గా గోడ జోలికి పోకు సునీతా," అన్నాడు బావ. "సున్నం ఇంక ఆరలె. రేపు వాళ్లు చూసేది గదే."

"భయపడకు బావా, నేను చూసుకుంటాను."

"నువ్వేం చూస్కుంటవ్? జెర దూరం నుంచి చూడు, చాలు."

ఆయన కాపలాదారుతో మాట్లాడటానికి గేటు దగ్గరికి వెళ్లగానే నాకు ప్రేరణ కలిగింది. చిక్కు ఉంది, కోట ఉంది, లోపల చుట్టూ తిరగడానికి బాట కూడా ఉంది!

"అక్కా, నడు!"

"ఈ చెప్పులతోనా? నువ్వు తిరుగు. నేనిక్కడ కూర్చుని ఆమెన్ అంటాను."

"బావ ఉద్యోగం నిలబడాలి ప్రభువా" అంటూ తిరిగాను. మేకలు లేచి నా వెనకే నడిచాయి. సంఘం పెరుగుతోందనుకున్నాను. ఆఖరి చుట్టులో అలవాటు ప్రకారం చేతులెత్తి, కళ్లు మూసుకుని, "హల్లెలూయా!" అని ఒక్క కేక పెట్టి అడుగు వేశాను. కాలికి కర్ర తగిలింది. అది కొత్త గోడకు ఆనించిన ఊతకర్ర.

మొదట ఒక రాయి జారింది. దాని సాక్ష్యం విని మారుమనసు పొందినట్టు మిగిలినవన్నీ వరసగా దిగివచ్చాయి. నాకన్నా ముందు మేకలు పారిపోయాయి.

బావ పరుగెత్తుకొచ్చాడు. "ఏందీ గిది?"

"యెరికో ప్రార్థన బావా... నీ ఉద్యోగం కోసం..."

"యెరికోల గోడ ఏమైంది?"

"కూలింది."

"మరి నా కొలువేంది?"

"గోడ... నిలబెట్టడం."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ బుర్రకు చేరలేదు. అక్క దుమ్ము దులుపుకుంటూ లేచింది. "గోడ కట్టేవాడి కోసం గోడలు కట్టించిన నెహెమ్యా గ్రంథం తెరవాలి గానీ, గోడలు కూల్చిన యెహోషువ గ్రంథం ఎవరు తెరవమన్నారే నిన్ను?"

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ పూట బావ నన్ను ఇంట్లోకి రానిచ్చినందుకు నాతో కలిసి స్తోత్రం చెప్పండి. ఆమెన్.

మర్నాడు అధికారులు వచ్చారు. కొత్త రాళ్లు పడిపోయిన చోట వెనకున్న పాత గోడ బయటపడింది. లోపలంతా గుల్ల. ఇది ఇప్పట్లో తెమిలే పని కాదని వాళ్లు బావను ఇంకొన్నాళ్లు ఉండమన్నారు.

"చూశావా బావా, ప్రార్థన ఫలించింది!"

బావ చేతుల సున్నం దులుపుకున్నాడు. "ఫలించింది తల్లీ, నా పరేషాన్ సుత ఫలించింది. ఇగ నా కోసం ప్రార్థన చేస్తే కూసోని చెయ్యి."

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం ఉంది కాబట్టి ఒట్టు పెట్టను. కానీ ప్రాణం ఉన్నంతవరకు ఏ ఇంజనీరు కోసమూ నడుస్తూ ప్రార్థించనని సంఘమంతటి ఎదుట తీర్మానించుకున్నాను. ఈమధ్య బావ యాప్రాల్‌లో ఇల్లు మొదలుపెట్టి, శంకుస్థాపన ప్రార్థనకు నన్నూ పిలిచాడు. ఫోటోలో కుర్చీలో కూర్చున్నది నేను. వెనక నిలబడి, నేను లేవకుండా నా భుజాలు పట్టుకున్నది బావ.