రుచి చూడటం వేరు

ఇరవై మూడేళ్ల వయసులో నాలో ఒక మహాత్ముడున్నాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ఎందుకు తెలియడం లేదో అర్థమయ్యేది కాదు.) ఆ రోజుల్లో నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారుగా కొత్తగా చేరాను. సమ్మర్ క్యాంపులో పిల్లలకు నిగ్రహం గురించి చెబుతూ చెబుతూ నా మాటలకు నేనే ముగ్ధుణ్ణైపోయి, ఈ వేసవంతా మామిడిపండు ముట్టనని ప్రకటించేశాను. నూజివీడులో, మే నెలలో, మామిడికాయల కొట్టున్న బాబాయి ఇంట్లో ఉంటూ! ఆ రోజే వాట్సాప్ స్టేటస్ పెట్టాను. బంధువులంతా దండాల బొమ్మలు పంపారు. ఆ ఊపులో మూడు రోజులు ఇట్టే గడిచిపోయాయి.

నాలుగో రోజు పిన్ని మామిడితాండ్ర పెట్టింది. "ఇది పండు కాదు కదా పిన్నీ!" అని తినేశాను. ఆ వారమే ఆగిరిపల్లి నుంచి కొట్టుకు చిన్నరసాలు దిగాయి. "తీపెలా ఉందో చూడండ్రా" అని బాబాయి అనడమే ఆలస్యం, ముందుకు దూకాను.

"నువ్వు మానేశావుగా?"

"తినడం వేరు, రుచి చూడటం వేరు బాబాయ్. ఇది నీ వ్యాపారానికి సాయం."

అలా రోజుకు అయిదారు పళ్లు సాయం చేసేవాణ్ణి. చిత్రమేమిటంటే, అబద్ధమాడుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. స్టేటస్‌లో మామిడి మానేసిన రోజుల లెక్క మాత్రం రోజూ పెరుగుతూనే ఉంది.

ఆ స్టేటస్‌లు చూసి ముచ్చటపడ్డ హెడ్మాస్టరుగారు, సమ్మర్ క్యాంపు ముగింపు రోజున తల్లిదండ్రుల ముందు నిగ్రహం మీద మాట్లాడమన్నారు. ఆ పొద్దున కొట్లో కాస్త సాయం చేసి, పరుగున వెళ్లి మైకు పట్టుకున్నాను. ఏం మాట్లాడాను! ఒకటే చప్పట్లు! గుండె ఉప్పొంగిపోతుండగా, ముందు వరసలో కూర్చున్న ముసునూరు మామ్మగారొకరు నా ముఖం వైపు వేలు చూపించారు.

"మీసానికి పీచుంది బాబూ. చిన్నరసమేనా?"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఉంది. అప్పుడైనా ఒప్పుకోవచ్చుగా!

"తినలేదండీ, రుచి చూశాను" అన్నాను, మనస్ఫూర్తిగా.

"మేమూ అంతేనయ్యా! ఏడాదికి నాలుగు బుట్టలు రుచి చూస్తాం" అన్నారావిడ. హాలు పగలబడి నవ్వింది. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్క క్షణం తర్వాత నేనూ నవ్వేశాను.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలచుకుంటే కోపం రాదు. లోకాన్ని మోసం చెయ్యాలని వాడికి లేదు. మంచివాణ్ణనిపించుకోవాలని ఉండేది, అదీ ముందుగా తనకు తనే. ఆ జబ్బు నాకెప్పుడో నయమైంది. (ఈ మాట ఎంత నిజాయితీగా రాశానా అని ఇప్పుడే మురిసిపోయాను.)