అలను కోసే పడవ

మొగల్తూరు దగ్గర తీరపు ఊరు వీరదుర్గది. పోయిన వానాకాలం, గోదావరి సముద్రంలో కలిసేచోట జెల్ల చేపల వేటకెళ్లిన ఆమె భర్త పడవ గాలికి బోల్తా పడింది. ఎలాగో ఈది బయటపడ్డాడు గానీ, ఇక నీళ్లలోకి దిగనన్నాడు.

"అయితే నేను దిగుతాను" అంది వీరదుర్గ.

కొత్త పడవ కొనడానికి వెళ్లి, పడవలు చేసేచోట అడుగు నాగలిమొనలా కోసుగా ఉన్న ఫైబర్ పడవ మీద చెయ్యి వేసింది. వెంట వచ్చిన బావగారు వీరబాబు అడ్డుపడ్డాడు.

"చదును అడుగుది తీసుకోమ్మా, నిలకడగా ఉంటుంది. ఇది ఆపితే చాలు, ఊగిపోతుంది. ఆడదానివి, నీవల్ల కాదు."

"ఊగితే కూర్చుని వల లాగుతానండి. నాకు అలను చీల్చుకుపోయేదే కావాలి."

మొదటిరోజు వల లాగుతూ నీళ్లలో పడింది. ఒడ్డున అందరూ నవ్వారు. తడిచీరతోనే మళ్లీ ఎక్కింది. మోకాళ్ల మీద కూర్చుని లాగడం అలవాటు చేసుకుంది.

శ్రావణంలో గాలి లేచిన ఒక పొద్దున చదును పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. వీరదుర్గ ఒక్కతే ఇంజను నడుపుకుంటూ వెళ్లి, వలనిండా జెల్లలతో తిరిగొచ్చింది.

వీరబాబు ఎదురొచ్చి వల దించడానికి చెయ్యి వేశాడు.

"రేపు నేనూ రానా అమ్మా?"

"రండి బావగారూ. ఇంజను మాత్రం నేనే నడుపుతాను."