ఓడాలీ అత్త జాజ్ బడి

నల్లవాళ్లు ఎక్కువగా ఉండే త్రెమే పేటలో ఓడాలీ ఫోర్షే పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆడవాళ్లు పెద్ద డోలు మొయ్యలేరని బ్యాండు వాళ్లు నవ్వే రోజుల్లో, ఒక ఊరేగింపు మధ్యలో డోలు వాయించేవాడు తప్పతాగి ఎవరి మెట్ల మీదో పడిపోయాడు. ఆవిడ ఆ డోలు తన మెడకు తగిలించుకుని సాయంత్రం దాకా వాయించింది. మర్నాటి నుంచి ఎవరూ నవ్వలేదు. పొట్టకూటికి మాత్రం స్కూలు బస్సు నడిపేది. వెనక సీట్లలో పిల్లలు దబదబా బాదుతుంటే మిగతా డ్రైవర్లు తిట్టేవాళ్లు, ఈవిడ అద్దంలోంచి చూస్తూ, "బాదితే తాళంలో బాదండిరా, వెధవల్లారా!" అనేది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడలేదు. చర్చి వెనక హాల్లో శనివారం శనివారం పిల్లలకు జాజ్ నేర్పడం మొదలుపెట్టింది. నేర్పడమంటే వాయించడం ఒక్కటే కాదు. ముందు కథ వినాలి, తర్వాతే కర్ర పట్టాలి. మొదటి రోజే అందరినీ పాత మైదానానికి నడిపించుకుపోయి రాళ్ల మీద కూర్చోబెట్టేది.

"మన ముత్తాతల్ని దొరలు బానిసలుగా కొనుక్కున్న రోజుల్లో, ఒక్క ఆదివారం మాత్రం ఇక్కడ వాయించుకోనిచ్చేవాళ్లు."

"మరి సోమవారం ఏం చేసేవాళ్లత్తా?" అని అడిగింది జెనోబీ. తొమ్మిదేళ్ల పిల్ల. చిన్న డోలు వాయిస్తుంది, ప్రశ్నలు అంతకంటే గట్టిగా వాయిస్తుంది.

"కడుపులో దాచుకునేవాళ్లు. అదంతా తర్వాత బాకాల్లోంచి బయటికొచ్చింది. అదేనే మన జాజ్."

ట్రంపెట్ వాయించే థియోకు ఈ చరిత్ర మీద అంత మోజు లేదు. "అత్తా, కథ అయిపోతే ఇక ఫాస్టుది వాయిద్దామా?" అనేవాడు. అందరికీ గెంతుల పాటే కావాలి. నిజం చెప్పాలంటే ఓడాలీకీ అదే ఇష్టం.

ఆవిడకున్న కోరిక ఒక్కటే, తన పిల్లలు శవయాత్రలో వాయించాలి. ఆ పేటలో ఎవరైనా పోతే బ్యాండు నెమ్మది పాట వాయిస్తూ శవం వెంట నడుస్తుంది. శవం బండి శ్మశానం వైపు తిరిగి వెళ్లిపోయాక, ముందు నడిచే పెద్దమనిషి టోపీ పైకెత్తుతాడు. అప్పుడు పాట మారుతుంది. పోయిన మనిషికి కష్టాలు తీరాయని ఊరంతా గొడుగులు తిప్పుతూ గెంతుతుంది. ఈ దారి నడవకపోతే తను చెప్పిందంతా ఉత్త కబుర్లేనని ఓడాలీ బాధ.

టోపీ ఎత్తే పెద్దమనిషి అల్సీడ్ రూసేవ్ మాత్రం ససేమిరా అన్నాడు.

"నీ పిల్లలకి గెంతడమొక్కటే వచ్చు ఓడాలీ. ఏడ్చేవాళ్ల ముందు కుప్పిగంతులేస్తే ఎవరు మాట పడతారు?"

"నువ్వు పుట్టగానే నెమ్మదిగా నడిచావేంటి? నేర్పితేనేగా వచ్చేది!" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఆయన చెవికెక్కలేదు.

ఆ ఏడాదే అల్సీడ్ భార్య లూడివీన్ పోయింది. పాఠం అయ్యాక పిల్లలందరికీ ఎర్ర చిక్కుళ్లూ అన్నమూ పెట్టే తల్లి ఆవిడ. మూడో రోజున అల్సీడ్ హాలు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"పిల్లలు వాయించాలని అడిగి మరీ పోయింది. నాకిష్టం లేదు. ఒక్క తప్పు జరిగినా మళ్లీ నా దగ్గర ఈ మాటెత్తకు."

ఓడాలీకి ఏడుపూ భయమూ ఒక్కసారే వచ్చాయి. పిల్లల్ని నిలబెట్టి నడక నేర్పింది. ఒక అడుగు, ఆగడం, రెండో కాలు దగ్గరికి తేవడం, మళ్లీ అడుగు.

"అత్తా, మా ఇంట్లో తాబేలు ఇంతకంటే ఫాస్టు," అన్నాడు థియో.

"అయితే దాన్నీ తీసుకురారా, నీకంటే బుద్ధిగా నడుస్తుంది. టోపీ లేచేదాకా ఎవడైనా గెంతాడో, చెవులు మెలేస్తా!"

శనివారం యాత్ర బయల్దేరింది. జెనోబీ డోలు కింద తీగలకూ తోలుకూ మధ్య రుమాలు దోపింది, చప్పుడు మూగగా వస్తోంది. పిల్లలు ఒక్క అడుగూ తప్పలేదు. ఓడాలీ గుండె కాస్త కుదుటపడింది.

మలుపు దగ్గర బండి తిరిగి వెళ్లిపోయింది. పాటా అయిపోయింది. వెనక జనం గొడుగులు విప్పారు. అల్సీడ్ మాత్రం టోపీ గుండెలకు అదుముకుని, బండి వెళ్లిన దారి చూస్తూ అలాగే ఉండిపోయాడు. బ్యాండు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరిచిపోయాడేమో, గుర్తు చేద్దామనుకుంది ఓడాలీ. గెంతుల పాట ఎత్తుకోవడానికి డోలు కర్ర లేపింది.

ఇంతలో చిన్న డోలు మోగింది. జెనోబీ రుమాలు తియ్యనే లేదు. మళ్లీ ఆ నెమ్మది పాటే అందుకుంది. థియో బాకా ఎత్తి దాని వెంట పోయాడు.

"ఎవరమ్మా నేర్పింది వీళ్లకి? బండి వెళ్లిపోయాక కూడా ఏడుపు పాటేంటి, అపశకునం!" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"ఆపవే జెనోబీ!" అని ఓడాలీ పళ్ల బిగువున అరిచింది. పిల్ల వినలేదు. అయిపోయింది, ఇక జన్మలో రానివ్వడు అనుకుంది ఓడాలీ. అయినా చిన్నపిల్లను తాళంలో ఒంటరిగా వదిలేస్తే తను డోలు పట్టిన మనిషెలా అవుతుంది? పెద్ద డోలు కలిపింది.

అల్సీడ్ కదిలాడు. అడుగు, ఆగడం, అడుగు. ఎన్నో చావుల ముందు కన్ను తడవకుండా నడిచిన మనిషి, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తూ వీధి చివరిదాకా నడిచాడు. అక్కడ వెనక్కి తిరిగి జెనోబీ ముందు నిలబడ్డాడు. పాట ఆగిపోయింది.

"టోపీ ఎత్తకముందు గెంతకూడదని చెప్పారా నీకు?"

"చెప్పారు తాతా."

"పాటైతే అయిపోయిందిగా. ఊరుకోవచ్చుగా?"

"ఊరుకుంటే మీరొక్కరే అక్కడ నిలబడిపోతారు కదా తాతా."

అల్సీడ్ కళ్లు తుడుచుకోకుండానే టోపీ ఆకాశానికెత్తాడు. జెనోబీ రుమాలు లాగేసింది, డోలు ఘల్లుమంది, వీధంతా ఒక్కసారి ఎగిరింది. ఓడాలీకి కన్నీళ్లలో ఏమీ కనపడక మొదటి దెబ్బ తప్పిపోయింది, రెండోదీ తప్పింది.

"ఏం ఓడాలీ!" అని అరిచాడు అల్సీడ్ గెంతుతూనే. "పిల్లలు బాగానే ఉన్నారు. వచ్చేసారి నువ్వే కాస్త సాధన చేసి రా!"