రేకుల షెడ్డని రాయని మనిషి

మా పెద్ద గుమాస్తా సాబు పోయారు. ధారూర్ నుంచి రైలు దిగిన ఒక మేకల బేరగాడు మొన్న తాండూరు స్టేషన్‌లో నన్ను చూసి ఆగి చెప్పాడు. మా పన్నుల కచేరీలో చెబితే, సంతాప తీర్మానం రాయమని కాగితం నా ముందుకు తోశారు. అందులో 'నిజాయితీపరుడు' అన్న మాట తప్పకుండా ఉండాలట. ఒళ్లు మండిపోయింది. ఆయనున్నన్నాళ్లూ ఆ నిజాయితీనే తప్పుపట్టింది మేము కాదూ!

ఇళ్లకు పన్ను వేయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. గోడలు కొలిచి రాసుకున్నదంతా ఆ గడపలోనే నిలబడి ఇంటివాళ్లకు చదివి వినిపించేవారు. కన్నడం వాళ్లయితే వచ్చీరాని కన్నడంలోనైనా సరే. ఒకసారి మేకల కొట్టాన్ని గదని రాస్తే ఒక ముసలమ్మ గదమాయించింది. ఆయన నవ్వి, కొట్టేసి, మళ్లీ రాశారు. "మొకం మీద చదవలేని మాట రాయొద్దు భాయ్" అనేవారు నాతో.

తర్వాత ఊళ్లోకి కరెంటు కంపెనీ వచ్చింది. స్టేషన్ అవతల తాండూరు బండలతో పెద్ద పవర్‌హౌసు కట్టింది. సాబు వెళ్లి కొలిచి వచ్చారు. ఇంతలో హైదరాబాదు నుంచి ఉత్తర్వు దిగింది. కరెంటు, బస్సు కంపెనీల ఆస్తులకు ఇకపై రాజధానిలోనే విలువ కడతారట, ఊరి గుమాస్తాలు సరిచూసి సంతకం పెడితే చాలట. వెనకే వచ్చిన కాగితంలో మా పవర్‌హౌసు 'తాత్కాలిక రేకుల షెడ్డు'! అది రాసినవాళ్లు తాండూరు మొహం కూడా చూడలేదు. కంపెనీ చెప్పింది, వాళ్లు రాసుకున్నారు.

"కండ్ల ముందట బండల గోడ ఉంటే రేకులని ఎట్ల దస్కత్ చేస్త సార్?" అన్నారు సాబు.

"నీకెందుకయ్యా గీ ఫికర్? పైనోళ్లు రాసిండ్రు, పెట్టు" అన్నాడు మా అధికారి.

పెట్టలేదు. వారం తిరక్కుండా ఆయన హోదా తగ్గించి ధారూర్ పల్లెలకు తోలేశారు. కాగితం నా దగ్గరికి వచ్చింది. నేను పెట్టాను. చదవక కాదు, చదివే పెట్టాను. కంపెనీ దగ్గర తగ్గిన పన్నంతా మరుసటేడు గొల్లల ఇళ్ల మీద రుద్దారు. ఆ గడపల్లో నిలబడి చదివే మొహం లేక, చీటీలు గుమ్మాల్లో పడేసి వచ్చాను. కంపెనీ మీదా, అధికారి మీదా ఎంత కోపముందో, నా మీద నాకు అంతకు రెట్టింపుంది.

తీర్మానం రాయలేదు. ధారూర్ వెళ్లాను. అప్పటికే ఖననం అయిపోయింది. ఆ ఇంట్లో నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"భాబీ, సాబు నా గురించి ఏమన్న అన్నరా?" అని సాబు భార్యను అడిగాను.

పరదా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమనలే భయ్యా. మేమేమన్న అంటే మమ్మల్నే కోపం చేసిండ్రు. 'పిల్లలున్నోడు, ఏం జేస్తడు పాపం' అన్నరు మిమ్మల్ని."

పరదాకు ఇవతల, సాబు ముగ్గురు ఆడపిల్లలు గోడకు ఆనుకొని నా వైపే చూస్తున్నారు.